తువ్వాల కింద అమరప్ప

రాయచూరు ధాన్యం గంజ్‌కు ఆదివారం సెలవు. ఆ సెలవు మనుషులకే గాని పావురాలకు కాదు గనక, రంగా సేటు ఆ పొద్దు కూడా వచ్చి రైతుల సరుకు అమ్మించే తన అడ్తి దుకాణం షట్టరు సగానికి ఎత్తేవాడు. వంగి లోపలికి దూరేటప్పుడు నడుము ప్రతిసారీ ఒక మాట అనేది. ఆయన ప్రతిసారీ విననట్టు నటించేవాడు. గద్దె దులిపి, లక్ష్మీదేవి పటానికి ఊదుబత్తి ముట్టించి, పావురాలకు ఇన్ని జొన్నలు చల్లి, అప్పుడు గోడకున్న మేకు దగ్గరికి పోయేవాడు. మేకుకు ఎర్ర గళ్ళ తువ్వాల ఒకటి వేలాడుతుండేది. దాని కింద కుడిచెయ్యి పెట్టేవాడు.

లోపల అమరప్ప చెయ్యి ఉండేది.

చిటికెనవేలు సగమే ఉన్న చెయ్యి. మిగతా సగం పల్లీలు ఒలిచే మిషన్‌లో పోయింది, అది అమరప్ప బతికున్నప్పటి సంగతి. ఆ చెయ్యి ముందు పిడికిలి బిగించేది, తర్వాత రంగా వేళ్ళలో రెండింటిని పట్టి నొక్కేది. అంటే సున్నా, రెండు. లెస్టర్ సిటీ మళ్ళీ ఓడింది.

"ఏమాయె సేటూ?" అని బయట బస్తాల మీద నుంచి హమాలీ ఈరన్న అడిగేవాడు.

"ఏముంటది, పిడికిలే."

ఈరన్న ఒక నిట్టూర్పు విడిచి అటు తిరిగి పడుకునేవాడు. చనిపోయిన మనిషి చెయ్యి తువ్వాల కింద ఉండడం గురించి గంజ్‌లో ఎవరికీ పేచీ లేదు. ఎండాకాలం ఎండ ఉంటుంది, తువ్వాల కింద అమరప్ప ఉంటాడు. అందరి దిగులూ లెస్టర్ గురించే. ఆ ఏడు సొంత మైదానంలో ఒక్క గోలైనా వెయ్యకుండా నెలల తరబడి ఓడుతూ వచ్చింది ఆ జట్టు.

తువ్వాల సంగతి కొంచెం చెప్పాలి. ఇప్పుడు గంజ్‌లో రేట్లన్నీ కంప్యూటర్ చెప్తుంది. అయినా కంప్యూటర్ చెప్పిన రేటు మీద రైతుకు మనసు ఒప్పాలంటే తువ్వాల కావాలి. దలాలి తన చేతి మీద తువ్వాల కప్పుకుని, ఒకసారి రైతు వేళ్ళు, ఒకసారి అడ్తిదారు వేళ్ళు పట్టి నొక్కుతాడు. చూసేవాళ్ళకు ఏమీ తెలియదు. వేలుకు ఒక అంకె. పిడికిలి సున్నా. చెయ్యి లాగేసుకుంటే బేరం లేదు. చెయ్యంతా పట్టి ఊపితే తెగింది. తెగాక దలాలి ఆ ఇద్దరి చేతులూ లోపలే కలిపి, తన చెయ్యి మెల్లగా జార్చుకుంటాడు. అటో ఇటో తేలేదాకా మాత్రం దలాలి చెయ్యి తియ్యకూడదు. తీసినవాడు మళ్ళీ గంజ్‌లో తువ్వాల పరచలేడు. ఈ వేళ్ళ భాషలో అంకెలున్నాయి, ఔను ఉంది, కాదు ఉంది. ఇంకే మాటా లేదు.

అమరప్ప అరకేర నుంచి వచ్చిన దలాలి. ఒక చలికాలం పొద్దున ఊళ్ళో బస్సు ఎక్కబోతుంటే నక్క ఎదురైంది. నక్క ముఖం చూస్తే ఆ దినం పట్టిందల్లా బంగారమని ఆయన నమ్మకం. రంగా వైపువాళ్ళకు నక్క తోక తొక్కితే అదృష్టం. ముఖమైనా తోకైనా నక్క ఒకటేనని ఇద్దరికీ రాజీ. ఆ మధ్యాహ్నం తీన్ కందిల్ చౌరస్తా దగ్గర పాత స్వెటర్ల కుప్పలో నీలం స్వెటరు ఒకటి కనిపించింది, రొమ్ము మీద నక్క ముఖంతో. అమరప్ప బేరమాడకుండా కొన్నాడు. దలాలి బేరమాడకుండా కొన్న వస్తువు గనక గంజ్ అంతా చూడడానికి వచ్చింది.

నక్క చుట్టూ ఉన్న అక్షరాలు చదివింది రంగా కూతురు నవ్యశ్రీ. అప్పుడామె డిగ్రీ చదువుతోంది. అదేదో ఇంగ్లండులోని ఫుట్‌బాల్ క్లబ్బు, లెస్టర్ సిటీ అన్నది. అమరప్ప కొడుకు శివు ఫోనులో వెతికి చరిత్ర తీశాడు. ఆనాటి నుంచి సాయంత్రం లెక్కలు కట్టేవేళకు ఆ ఇద్దరూ గద్దె అంచున కూర్చుని పెద్దలకు చరిత్ర చెప్పేవాళ్ళు. వంద మీద ముప్పై ఏళ్ళ నాటి క్లబ్బు. ఒక్కసారీ లీగు గెలవలేదు. వెయ్యిన్ని తొమ్మిది వందల ఇరవై తొమ్మిదిలో ఒక్క పాయింటు తేడాతో షెఫీల్డ్ వెన్స్‌డే వాళ్ళకు వదులుకుంది. ఎఫ్ఏ కప్పు ఫైనలు నాలుగుసార్లు ఆడి నాలుగుసార్లూ ఓడింది. నాలుగోసారి ఓడిన ఏడాదే కింది తరగతి లీగుకు కూడా పడిపోయింది.

"ఓడనీకి గింత చరిత్ర కావాల్నా?" అనేవాడు రంగా.

ఎగతాళి చెయ్యడానికి ఆయనకు హక్కేమీ లేదు, ఆ మాట ఆయనే ముందు ఒప్పుకునేవాడు. వ్యాపారి గనక చెల్లే సరుకే పట్టాలని రెండు వేల పదమూడు ఎండాకాలంలో మాంచెస్టర్ యునైటెడ్‌ను పట్టాడు. అప్పటికి వాళ్ళు ఇరవైసార్లు లీగు గెలిచి ఉన్నారు. "నేను పట్టినంక ఒక్కసారి గెల్వలే. సరుకు పురుగు పట్టాల్నంటే నా గోదాముల పెడితే చాలు" అని వచ్చేపోయేవాళ్ళకు చాయ్ పోసి మరీ చెప్పేవాడు. పదో తరగతి ఎస్సెల్సీ రెండుసార్లు తప్పితే తండ్రి తీసుకొచ్చి గద్దె మీద కూర్చోబెట్టాడనీ, అందుకే కూర్చోవడం ఒక్కటే బాగా వచ్చనీ చెప్పేవాడు. తనను చూసి తానే నవ్వేవాణ్ణి ఇంకెవరూ తప్పు పట్టరు. ఆ కిటుకు ఆయనకు చిన్నప్పుడే తెలిసింది.

ఆ చరిత్ర చెప్పుకుంటూ చెప్పుకుంటూ పిల్లలిద్దరూ ఒకరికొకరు ఇష్టమయ్యారు. గంజ్‌కంతా తెలుసు. రంగాకూ తెలుసు, తెలియనట్టు ఉండడం కూడా తెలుసు.

రెండు వేల పదిహేను మొదట్లో ఒక మధ్యాహ్నం అమరప్ప వచ్చి గద్దె మీద కూర్చుని, చేతి మీద తువ్వాల కప్పుకుని ముందుకు చాపాడు. రంగా కందుల బేరమనుకుని చెయ్యి పెట్టాడు. అమరప్ప వేళ్ళు నొక్కలేదు. ఊరికే పట్టుకున్నాడు.

"రంగన్నా, పిల్లలు ఇష్టపడ్తున్నరు. నేను ఎరుగుదు, నువ్వు ఎరుగుదువు. ఎరగనట్టు ఎంత కాలం ఉందాం?"

కాదందామంటే ముప్పై ఏళ్ళ స్నేహితుడు. ఔనందామంటే కులం వేరు, ఇంటి భాష వేరు, గంజ్‌లో తోటి కోమట్ల ముందు తలెత్తుకునేదెట్లా. రంగా బుర్ర అప్పుడు ఎంత చురుకుగా పనిచేసిందంటే, ఎస్సెల్సీ పరీక్షలో అందులో సగం పనిచేసి ఉంటే గద్దె ఎక్కే పనే ఉండేది కాదు. అప్పటికి లెస్టర్ లీగులో అట్టడుగున ఉంది.

"చేద్దాం అమరప్పా. నీ నక్కలు లీగు కొట్టిన నాడు చేద్దాం" అని చెయ్యంతా పట్టి ఊపాడు.

అమరప్ప ఆయన ముఖంలోకి చూసి, "తెగింది" అన్నాడు.

ఆ జట్టు కింది తరగతికి పడిపోకుండా చివరి వారాల్లో ఎట్లాగో గట్టెక్కింది. కొత్త సీజను మొదలయ్యేటప్పుడు అక్కడి పందేలవాళ్ళు లెస్టర్ గెలిస్తే ఒకటికి అయిదు వేలు ఇస్తామన్నారట. నవ్యశ్రీ ఆ సంగతి చదివి వినిపించి తండ్రి వైపు చూసింది. రంగా ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

దసరాకు లెస్టర్ పై వరసలో ఉంది. ఎప్పుడో జారుతుందిలే అనుకున్నాడు. సంవత్సరం మారినా పైనే ఉంది. ఉగాదికి రంగాకు పచ్చడి రుచించలేదు. మే నెలలో ఒక మంగళవారం పొద్దున, చెల్సీతో టాటెన్‌హామ్ డ్రా చేసుకుందనీ, లెస్టర్ ఆ పూట ఆట ఆడకుండానే లీగు గెలిచిందనీ తెలిసింది.

రాయచూరు మే ఎండలో, కాకులు కూడా నీడన నోరు తెరుచుకుని కూర్చునే వేళ, అమరప్ప నీలం స్వెటరు వేసుకుని వచ్చాడు. చెమట మోచేతుల నుంచి కారుతోంది. చేతి మీద తువ్వాల కప్పుకుని చాపాడు.

రంగా పకపకా నవ్వాడు. నవ్వి, పక్కనున్న చాయ్ గ్లాసు తీసి ఆ చేతిలో పెట్టాడు. "నవ్వులాటకు అన్న మాటను పట్టుకుని ఈ ఎండల స్వెటరేంది అమరప్పా. తాగు, తాగు."

అమరప్ప చాయ్ తాగాడు. చివరి గుక్క దాకా తాగాడు. "చాయ్ మంచిగుంది సేటూ" అన్నాడు. ఎన్నడూ రంగన్నా అనే మనిషి ఆ పొద్దు సేటూ అన్నాడు. తువ్వాల అక్కడే మేకుకు తగిలించి పోయాడు. మళ్ళీ బేరాలకు కొత్త తువ్వాల తెచ్చుకున్నాడు గాని దాన్ని ముట్టలేదు. ఆ మాట కూడా ఇంక ఎత్తలేదు.

శివు తుర్విహాళలో రైసుమిల్లు పనికి వెళ్ళిపోయాడు. నవ్యశ్రీ ఏడవలేదు, అలగలేదు. వచ్చిన ప్రతి సంబంధానికీ ఒకే మాట అనేది. "కొత్త మాట ఇచ్చే ముందు పాత మాట సంగతి చూడు నాయినా." తల్లి ఇందుమతి రెండు మూడేళ్ళు పోట్లాడి, తర్వాత కూతురి పక్షాన చేరి, భర్తకు కంచంలో పెరుగు తగ్గించింది.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు అమరప్ప పోయాడు. అరకేరకు పోయి చూసే వీలు లేకపోయింది. ఆ తర్వాతి వారమే లెస్టర్ ఎఫ్ఏ కప్పు ఫైనలు ఆడింది. మరునాడు పొద్దున, దుకాణాలు కాసేపు తెరవనిచ్చే వేళ, రంగా బూజు దులుపుతూ తువ్వాలను జరపబోతే లోపలి నుంచి ఒక చెయ్యి ఆయన వేలు ఒకటి పట్టి నొక్కింది. తర్వాత పిడికిలి బిగించింది. రంగా చెయ్యి తీసుకోలేదు. భయం వెయ్యలేదు. ఆ సగం చిటికెనవేలు ఆయనకు తన చేతికన్నా బాగా తెలుసు. పేపరు చూస్తే లెస్టర్ ఒకటి, చెల్సీ సున్నా. నాలుగుసార్లు ఓడిన జట్టు అయిదోసారికి కప్పు ఎత్తింది. చూడవలసిన మనిషి ఒక్క వారం ఆగలేకపోయాడు.

ఆనాటి నుంచి ప్రతి మ్యాచుకూ చెయ్యి స్కోరు చెప్పేది. లెస్టర్ ఒక ఏడు పడింది, మరుసటి ఏడు లేచింది. రంగా తప్పు ఒప్పుకుందామని ఎన్నోసార్లు ఆ చేతిని పట్టుకున్నాడు. ఏ వేలు నొక్కాలో తెలిసేది కాదు. గంజ్ భాషలో దానికి వేలు లేదు.

గంజ్ ముంగిట అంగళంలో రాలిన గింజలు ఊడ్చుకునే చెన్నవ్వ ఒకసారి చీపురు ఆపి అంది, "అమరప్ప గట్టి దలాలి. బేరం అటూ ఇటూ గాకపోతే చెయ్యి ఎట్ల తీస్తడు?"

రంగా ఆ మాటకు కూడా ఒక జోకు వేశాడు. అది ఎవరికీ గుర్తులేదు.

రెండు వేల ఇరవై ఐదు ఏప్రిల్‌లో ఒక సోమవారం. గంజ్ నిండా బండ్లు. రంగా వచ్చి తువ్వాల కింద చెయ్యి పెట్టాడు. పిడికిలి. తర్వాత ఒక వేలు. లివర్‌పూల్ చేతిలో ఓడి లెస్టర్ మళ్ళీ కింది తరగతికి పడిపోయింది. రంగా చెయ్యి తీసుకోబోయాడు. రాలేదు. అమరప్ప చెయ్యి ఆయన చెయ్యంతా పట్టుకుని ఉంది, బేరం తెగినప్పుడు పట్టినట్టు. లాగినకొద్దీ తువ్వాల మేకు నుంచి ఊడి వచ్చింది గాని పట్టు ఊడలేదు.

కందుల లారీ దించాలని ఈరన్న వచ్చి, చూసి, "సేటుకు పనుంది" అని తిరిగి పోయాడు. రంగా ఎడమచేత్తో కూతురికి ఫోన్ చేశాడు. నవ్యశ్రీ వచ్చింది. ముప్పై దాటిన మనిషి, నాలుగేళ్ళుగా గద్దె మీద సగం పని ఆమెదే. తండ్రి చేతిని చూసింది, చెప్పులు తొడుక్కున్న కాళ్ళ వైపు చూసింది.

"తుర్విహాళకేనా?"

"అంతే అనిపిస్తున్నది బిడ్డా. నీ గురించి శివుతోని ఏమని చెప్పాలె?"

ఆమె గద్దె ఎక్కి కూర్చుని, కళ్ళద్దాలు తుడుచుకుంది.

"నా గురించి ఏం చెప్పకు. మీరిద్దరు తువ్వాల కింద నా బేరం చేసిన్రు, నేను కందుల బస్తానా? అదొక తప్పు. మల్ల ఇచ్చిన మాట తప్పినవు, అది ఇంకో తప్పు. నీ తప్పులు నువ్వు చెప్పుకో. నా మాట ఆయన అడిగితే నేనే చెప్త." మూలనున్న సీసా అందించి, "నీళ్ళు తీస్కపో, ఎండ" అంది.

తుర్విహాళ దారిలో, సింధనూరు బస్సులో కండక్టరమ్మ "ఎష్టు జన, ఎంతమంది?" అని తువ్వాల వైపు చూసింది. రంగా "ఇద్దరం" అన్నాడు. ఆమె రెండు టికెట్లు కొట్టి, కిటికీ పక్క సీటు చూపించి, "పెద్దాయనకు గాలి తగల్తది" అంది. మాన్వి దాటాక కాలువ మీద వరి పచ్చగా కనిపించింది. అమరప్పతో కలిసి బస్సు ఎక్కి ఎన్నేళ్ళయిందో రంగా లెక్క వెయ్యబోయి మానేశాడు. చెయ్యి చల్లగానే ఉంది, బిగువు తగ్గలేదు. ముందు సీటువాడు ఎక్కడికని అడిగితే, ఒక బేరం ముగించడానికి పోతున్నామని చెప్పాడు. జోకు వెయ్యకుండా చెప్పిన జవాబు అదొక్కటే ఆయనకు చాలాకాలానికి.

మిల్లు యజమాని పేరు కోటి, కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వలస రైతుల క్యాంపులో స్థిరపడిన కుటుంబం మనిషి. గుమ్మంలో తువ్వాలను చూడగానే లేచి నిలబడ్డాడు. "రండి, రండి, కూర్చోండి" అని, మిల్లు చప్పుడు మించి లోపలికి కేకేశాడు. "శివూ, మీ నాన్నగారొచ్చారయ్యా."

శివు తలకు గుడ్డ చుట్టుకుని, ఒంటినిండా తవుడుతో వచ్చాడు. గుడ్డ తీస్తే చెవుల పక్క వెంట్రుకలు నెరిసి ఉన్నాయి. అవి తవుడువే అనుకుందామని రంగా ప్రయత్నించాడు. శివు ఆయన ముఖం చూడలేదు. తువ్వాలను చూశాడు, దాని కింద ఉబ్బెత్తుగా ఉన్న రెండు చేతులను చూశాడు.

"ఎప్పట్నుంచి సేటు?"

"కప్పు గెల్చిన మరునాటి నుంచి."

"నాలుగేండ్లు." శివు గొంతు పెంచలేదు. "ఆస్పత్రిల మా అప్పను సంచిల చుట్టిచ్చిన్రు. చెయ్యి పట్టుకోనియ్యలే. మా అమ్మ పోయేదాక అదే అన్నది, ఒక్కసారి చెయ్యి ముట్టలేదే అని. మీరు వారం వారం పట్టుకుని స్కోరు అడిగిన్రా?"

ఇన్నేళ్ళుగా తన మీద తానే వేసుకున్న జోకులు రంగా దగ్గర ఒక గోదాముకు సరిపడా ఉన్నాయి. ఒక్కటీ అక్కడికి రాలేదు. మాట తప్పినందుకు కుమిలిపోతూ, ఆ కుమిలిపోవడమే పెద్ద పనిగా పెట్టుకుని, ఆ చెయ్యి మీద ఇంకొకరికి హక్కుందన్న సంగతే ఆయనకు తట్టలేదు.

"తప్పయింది శివూ" అన్నాడు. "నాడు మీ నాయిన చేతుల చాయ్ గ్లాసు పెట్టింది ఒక తప్పు. ఈ చెయ్యి నా దగ్గరనే పెట్టుకున్నది అంతకన్న పెద్ద తప్పు. పట్టుకో."

శివు చేతులు కడుక్కుని వచ్చాడు. తుడుచుకోలేదు. తడి చెయ్యి తువ్వాల కిందకు పెట్టాడు.

రంగా చేతిని పట్టిన బిగువు వదిలింది. ఆయన చెయ్యి తియ్యలేదు, కానీ దాన్నెవరూ పట్టుకోలేదు. పక్కన ఆ రెండు చేతులు ఏం మాట్లాడుకున్నాయో ఆయనకు తెలియదు. అంకెలు మాత్రం కావు. శివు కళ్ళు మూసుకుని ఉన్నాడు. కోటి వెళ్ళి మిల్లు ఆపించాడు. చప్పుడు ఆగాక బయట పిచ్చికలు వినిపించాయి.

చాలాసేపటికి సగం చిటికెనవేలు వచ్చి రంగా అరచేతికి తగిలింది. ఆ చెయ్యి ఆయన చేతిని తీసుకెళ్ళి శివు చేతిలో పెట్టింది. రెండింటినీ ఒకసారి కలిపి నొక్కింది. ఆ మీద మెల్లగా జారుకుంది. తువ్వాల కొంచెం కిందికి దిగింది.

శివు కళ్ళు తెరిచాడు. "నవ్య ఏమన్నది?"

"తన గురించి ఏం చెప్పొద్దన్నది. నువ్వు అడిగితే తనే చెప్తదట."

"అడుగుత."

వచ్చేటప్పుడు రంగా తువ్వాల మడిచి శివు భుజం మీద వేశాడు. తిరుగు బస్సులో ఒక్క టికెట్టే తీసుకున్నాడు. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉన్నా, దాని పక్క సీట్లో కూర్చున్నాడు.

ఆ ఆదివారం శివు రాయచూరు వచ్చాడు. నవ్యశ్రీ తండ్రిని చాయ్ తెమ్మని పంపింది. రెండు గ్లాసులు తెచ్చేసరికి షట్టరు కింద ఇద్దరూ ఏదో గట్టిగా వాదించుకుంటున్నారు. మాటల్లేకుండా గడిచిన కాలమంతా లెక్క తేల్చుకుంటున్నట్టుంది. రంగా గ్లాసులు గడప మీద పెట్టి పావురాల దగ్గరికి పోయాడు. శ్రావణంలో సింధనూరు రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళయింది. నవ్యశ్రీ తుర్విహాళలో మిల్లు లెక్కలు చూస్తోంది. గంజ్‌లో కోమట్లు రెండు వారాలు మాట్లాడుకుని, తర్వాత పత్తి రేటు మీదికి పోయారు. ఇన్నేళ్ళు తాను భయపడింది ఆ రెండు వారాలకేనా అని రంగా గద్దె మీద కూర్చుని అప్పుడప్పుడు అనుకుంటాడు.

ఆగస్టులో కింది తరగతిలో లెస్టర్ మొదటి మ్యాచు ఆడింది. మరునాడు పొద్దున రంగా అలవాటుగా గోడ దగ్గరికి పోయి చెయ్యి చాపాడు. మేకు ఒక్కటే ఉంది. ఫోను మోగింది.

"నాయినా, గెల్చిన్రు. రెండు, ఒకటి" అంది నవ్యశ్రీ. వెనక మిల్లు చప్పుడు. "ఎవరి మీద అనుకున్నవ్? షెఫీల్డ్ వెన్స్‌డే. నాడు ఒక్క పాయింటుతోని లీగు కొట్టుకపోయినోళ్ళు."

వెనక నుంచి శివు గొంతు, "మామకు చెప్పు, పచ్చడి సీసా ముట్టిందని."

రంగా మంచిదన్నాడు. ఫోను పెట్టేశాక, ఈ మాట వినవలసిన మనిషి గుర్తుకొచ్చాడు. తన భుజం మీది తువ్వాల తీసి ఎడమచేతి మీద కప్పుకున్నాడు. కుడిచెయ్యి దాని కింద పెట్టి, తన వేళ్ళలోనే రెండు పట్టి నొక్కాడు, తర్వాత ఒకటి. అమరప్పకు చెప్పాల్సిన ఇంకో మాట మిగిలింది. దానికి ఏ వేలు నొక్కాలో తెలియక, చెయ్యంతా పట్టుకుని అట్లాగే కూర్చున్నాడు.

"ఏమాయె సేటూ?" అన్నాడు బయట నుంచి ఈరన్న.